సికింద్రాబాదు మురుగు ఎవరి మళ్ళలోకి పారుతున్నది?

సికింద్రాబాదులో పొద్దున్నే కుళాయి తిప్పితే కృష్ణ నీళ్ళు, మంజీర నీళ్ళు, గోదావరి నీళ్ళు వస్తాయి. ఆ నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో అందరికీ తెలుసు. వాటిని తెచ్చినవాళ్ళు ఎన్నికల సభల్లో గొప్పగా చెప్పుకున్నారు కూడా. కాని వాడి వదిలేసిన నీళ్ళు ఎటు పోతున్నాయి, ఎవరి నెత్తిన పడుతున్నాయి అని అడిగినవాడు లేడు. అడగాల్సింది కిందివాళ్ళే కనుక, ఆ సంగతి ఈ పూట మాట్లాడుకుందాం.

కంటోన్మెంటు, బోయినపల్లి వైపు మురుగు పికెట్ నాలాలో పడి హుస్సేన్‌సాగర్ చేరుతుంది. సాగర్ అలుగు దాటిన నీరు నగరం నడిమధ్యనుంచి దొర్లుకుంటూ అంబర్‌పేట దగ్గర మూసీలో కలుస్తుంది. ఇటు నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల పక్కనుంచి వచ్చే నాలాలు ఉప్పల్ వైపు దిగి అదే మూసీని చేరతాయి. ఇక్కడొక విచిత్రం ఉన్నది. హుస్సేన్‌సాగర్‌ను ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టినప్పుడు దాన్ని నింపడానికి మూసీ నుంచే కాలువ తవ్వారు. అప్పుడు నది చెరువుకు మంచినీళ్ళిచ్చింది. ఇప్పుడు చెరువు నదికి మురుగిస్తున్నది.

మూసీ అంటే చాలామంది పట్నవాసులకు చాదర్‌ఘాట్ వంతెన, అఫ్జల్‌గంజ్ వంతెన, ముక్కుకు అడ్డంపెట్టుకునే జేబుగుడ్డ. అంతే. అది వికారాబాద్ అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు నడిచి, దామరచర్ల మండలం వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది అని, నగరం దాటినాక దాని ఒడ్డున వందల ఊళ్ళున్నాయని, ఆ ఊళ్ళకు నగరంకంటె పాత చరిత్ర ఉన్నదని ఎంతమందికి తెలుసు?

చైతన్యపురి దగ్గర మూసీ ఒడ్డు బండమీద ప్రాకృత భాషలో చెక్కిన శాసనం ఉన్నది. విష్ణుకుండినుల కాలంనాటిది, బౌద్ధ విహారం మాట చెబుతుంది. అంటే చార్మినార్ పుట్టడానికి వెయ్యేళ్ళకు ముందే ఈ ఒడ్డున జనం ఉన్నారు, పంటలున్నాయి, పంట మిగులుతో బతికిన విహారాలున్నాయి. అక్కడినుంచి కిందికి పోతే పీర్జాదిగూడ, కాచివానిసింగారం, ప్రతాపసింగారం, గోదాదేవి గుడికి పేరుపడ్డ ఏదులాబాద్, దాని పెద్దచెరువు. అవతలి ఒడ్డున గౌరెల్లి, బాచారం, ఇంకా కిందికి పిల్లాయిపల్లి. ఆ తర్వాత వలిగొండ మండలం సంగెం, అక్కడ నది మధ్య భీమలింగం. నెమలికాల్వ దగ్గర నిజాం కాలపు ఆసిఫ్ నహర్. ఇంకా దిగువన సూర్యాపేట దగ్గర సోలిపేటలో 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు, దానికింద ముప్పైవేల ఎకరాలకు పైబడ్డ ఆయకట్టు. ఇదీ మన మూసీ. పటంలో చూస్తే నీలిగీత. దగ్గరికి పోయి చూస్తే నల్లగా, నురగలు కక్కుతూ పోతున్న నీరు.

ఈ ఊళ్ళ అసలు గుర్తు గుడులూ గోపురాలూ కావు, కత్వలు. నదికి అడ్డంగా రాళ్ళూ సున్నంతో కట్టిన పొట్టి ఆనకట్టను మనవాళ్ళు కత్వ అంటారు. కత్వ నిండితే నీరు పైనుంచి దూకి పోతుంది, పక్కన తీసిన కాలువలోకి కొంత మళ్ళుతుంది, ఆ కాలువ పోయి ఊరి చెరువును నింపుతుంది, చెరువు తూముకింద తరి పొలం పండుతుంది. భీమలింగం కత్వ, బునాదిగాని కత్వ, పిల్లాయిపల్లి కత్వ... ఒక్కొక్క కత్వ వెనుక పది చెరువులు, ఒక్కొక్క చెరువు వెనుక నీరటికాడి మొదలు నాటువేసే కైకిలి ఆడమనిషి దాకా వందల బతుకులు. పెద్ద డ్యాములకు ఇంజనీర్ల పేర్లు రాసిన రాళ్ళుంటాయి. కత్వలకు రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఏ రాతిమీదా లేవు. వెట్టి రాజ్యమేలిన నేలలో ఆ రాళ్ళు ఎవరు మోశారో వేరే చెప్పనక్కరలేదు.

ఆ వెట్టిని కూలదోసింది కూడా ఈ ఒడ్డుల జనమే. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభతోనే సంఘం నిజంగా రైతుకూలీల సంఘమైంది. భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డిని 1952లో నల్లగొండ జనం నెహ్రూకు వచ్చినవాటికంటె ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు పంపారు. నదికి ఒక అడుగు ఇవతల పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడికొచ్చినప్పుడు భూమిలేని హరిజనులు ఎనభై ఎకరాలు అడిగారు, వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిస్తానన్నాడు, భూదానం పుట్టింది. దేశమంతా ఆ దానం కథ చెప్పుకున్నది. ఆ దానానికి ముందు ఐదేళ్ళపాటు చుట్టుపక్కల ఊళ్ళలో భూమికోసం జరిగిన పోరాటం సంగతి మాత్రం కథ చెప్పేవాళ్ళు మింగేశారు. అడగనివాడికి దొర ఎన్నడన్నా ఇచ్చాడా?

సరే, నదికి ఈ గతి ఎట్లా పట్టింది? దానికీ ఒక తేదీ ఉన్నది. 1908 సెప్టెంబరు 28. ఆ రోజు మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. పదిహేను వేలమంది దాకా చచ్చిపోయారని చెబుతారు. ఆ దెబ్బకు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహామీద ఎగువన మూసీమీద ఉస్మాన్‌సాగర్ (1920), దాని ఉపనది ఈసీమీద హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. నగరానికి వరద ముప్పు తగ్గింది, తాగునీరు దొరికింది. మంచిపనే, కాదనం. కాని కిందనున్న ఊళ్ళకు ఆనాటినుంచి నది నీటిమీద రెండోవాటా వచ్చింది. ఎగువన మంచినీళ్ళు ఆపుకుని, కింద వాడకపు నీళ్ళు వదిలే పద్ధతి అక్కడ మొదలైంది. నగరం చిన్నగా ఉన్నన్నాళ్ళు నది దాన్ని కడిగేసుకున్నది. నగరం పెరిగింది, పరిశ్రమలొచ్చాయి, మందుల కంపెనీలొచ్చాయి. నది ఓడిపోయింది.

పటాన్‌చెరు సంగతి గుర్తున్నదా? మెదక్ జిల్లా రైతులు తమ నక్కవాగు, తమ చెరువులు విషమైపోయాయని ఏళ్ళతరబడి కొట్లాడారు, కోర్టులకెక్కారు. వాళ్ళ పోరాటం న్యాయమైంది. ప్రభుత్వం చూపించిన పరిష్కారమేంది? పద్దెనిమిది కిలోమీటర్ల గొట్టం వేసి ఆ పరిశ్రమల నీటిని నగర మురుగు కాలువకు కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి తోలింది. ఇంటి మురుగును బాగుచేసే కేంద్రం రసాయనాల ఉప్పును ఏం చేస్తుంది? ఏమీ చెయ్యలేదు. ఒక రైతు పొలంమీది విషాన్ని ఇంకో రైతు పొలంమీదికి తోలి ఇద్దరిమధ్యా పంచాయతీ తీర్చామన్నారు. పాలకవర్గాల తెలివి ఇట్లాగే ఉంటుంది.

ఇక ఈ నీళ్ళతో బతుకు ఎట్లా ఉన్నదో చూద్దాం. నగరం అంచున, ఉప్పల్, పీర్జాదిగూడ వైపు వరి పోయి గడ్డి వచ్చింది. నగరంలోని పాడి గేదెలకు కావలసిన పచ్చిగడ్డి. ఏడాది పొడవునా కోతే. బురదలో మోకాళ్ళదాకా దిగి కొడవలితో కోసి, కట్టలు కట్టి, బండికెత్తాలి. ఆ గడ్డి తిన్న గేదె పాలు సికింద్రాబాదు హోటళ్ళ చాయలోకి పోతాయి. ఆ ఒడ్డునే పెరిగిన తోటకూర, పాలకూర, పుదీనా నగరపు మార్కెట్లకు పోతాయి. పట్నం తాను వదిలింది తానే తింటున్నది, తెలియక. తెలిసి దిగేది మాత్రం కూలి మనిషి. కాళ్ళకు దురదలు, పుండ్లు, జ్వరాలు, కడుపులో నులిపురుగులు. ఇవి మురుగునీటి సేద్యం చేసేవాళ్ళలో, కొంకిపురుగుతో సహా, ఎక్కువున్నాయని ఇక్కడ పరీక్షలు చేసిన పరిశోధకులే రాశారు. రబ్బరు బూట్లు వేసుకోమని సలహా కూడా ఇచ్చారు. ఆ బూట్లు ఎవరు కొనివ్వాలో రాయలేదు.

కిందికి పోయినకొద్దీ వరి కనిపిస్తుంది. మురుగులో నత్రజని ఎక్కువ. యూరియా ఖర్చు తగ్గుతుందని మొదట్లో రైతు సంబరపడ్డాడు. పైరు ఏపుగా లేస్తుంది, ఆకు నల్లగా నవనవలాడుతుంది, ఈనే వేళకు పడిపోతుంది. తాలు ఎక్కువ. నేలలో ఉప్పు పేరుకుంటుంది. పండిన ధాన్యాన్ని మూసీ వడ్లని పేరుపెట్టి వ్యాపారి ధర కోస్తాడు. కోసి ఏం చేస్తాడు? అదే బియ్యాన్ని మళ్ళా పట్నానికే అమ్ముతాడు. ధర తగ్గించడానికి పనికొచ్చిన మురుగు బియ్యం అమ్మేటప్పుడు ఏమైపోతుందో!

నేలున్నవాడి నష్టమైనా లెక్కకొస్తుంది. నేల లేనివాళ్ళ నష్టం ఏ లెక్కలోనూ లేదు. ఈ నదిమీద చేపలు పట్టి బతికిన బెస్తలు, ముదిరాజులు ఉన్నారు. వలలు అటకెక్కాయి. ఒడ్డున బట్టలుతికిన రజకులు రేవు వదిలేశారు. గొర్లమందను నీటికి దించడానికి గొల్లకురుమలు భయపడతారు. ఊటబావిలో కూడా అదే నీరు. పక్కకు జరిగి బోరు వేస్తే ఫ్లోరైడ్ నీళ్ళు తగిలే ప్రాంతాలు నల్లగొండ జిల్లాలో ఎన్నో ఉన్నాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే.

అయినా సరే, ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ ఊళ్ళ రైతులెవరూ మూసీ నీళ్ళు మాకొద్దని అనడంలేదు. బునాదిగాని కాలువ పొడిగించండి, పిల్లాయిపల్లి కాలువ, ధర్మారెడ్డిపల్లి కాలువ పనులు పూర్తిచేయండి అని ఏండ్ల తరబడి ధర్నాలు చేసింది వాళ్ళే. ఎందుకంటే కరువు జిల్లాలో ఎండాకాలం కూడా ఆగకుండా పారే నీరు ఇదొక్కటే. నగరం దాహం తీరినన్నాళ్ళు ఈ నది ఎండదు. కనుక ‘మురుగునీటి సేద్యం నిషేధించాలి’ అనే పట్నం మేధావుల మాట మనది కాదు. ‘ఏదో ఒక నీరు పారుతున్నది కదా, నోరు మూసుకోండి’ అనే అధికారుల మాట అంతకంటె మనది కాదు. నీరు కావాలి, ఆ నీరు శుభ్రంగా కావాలి. రెండూ ఒకే కోరిక.

ఇప్పుడు ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయో చూడండి. 2017లో మూసీ నదీతీర అభివృద్ధి సంస్థ పెట్టారు. 2023 డిసెంబరులో వచ్చిన ప్రభుత్వం పునరుజ్జీవనమని పేరుపెట్టింది. పేర్లు మారినా కొలత మాత్రం యాభై ఐదు కిలోమీటర్లే. నగరానికి పడమట అవుటర్ రింగురోడ్డు నుంచి తూర్పున గౌరెల్లి దగ్గర అవుటర్ రింగురోడ్డు దాకా. ఆ కొలతలోపల పేదల ఇళ్ళకు 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎర్రరంగు గుర్తులు వేశారు, మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల్లో గోడలు కూల్చారు. గౌరెల్లి దాటినాక నది ఇంకా నూరు కిలోమీటర్లకు పైగా నడుస్తుందన్న సంగతి ఆ పథకానికి పట్టలేదు. అదే ఏడాది నవంబరు 8న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సంగెం వచ్చి మూసీ ఒడ్డున పాదయాత్ర చేశారు. నీటి గతి చూపించడానికి సంగెం కావలసి వచ్చింది. పథకం పటంలో మాత్రం సంగెం లేదు! రోగం చూపించేందుకు పల్లె, మందు వేసేందుకు పట్నం.

శుద్ధి లెక్క కూడా వినండి. 2021లో కొత్త కేంద్రాలు మంజూరు చేసినప్పుడు ప్రభుత్వమే చెప్పింది: నగరపాలక సంస్థ పరిధిలో రోజుకు 165 కోట్ల లీటర్ల మురుగు వస్తున్నది, అప్పటికున్న కేంద్రాలు శుద్ధిచేసేది 77 కోట్ల లీటర్లు. అంటే సగానికి పైగా ఏ అడ్డూ లేకుండా నదిలోకి. 3,866 కోట్లతో రోజుకు 126 కోట్ల లీటర్లు శుద్ధిచేసే 31 కేంద్రాలు కడతామన్నారు. కట్టనీయండి, అన్నీ పూర్తిగా నడవనీయండి. రోడ్ల పక్క పార్కుకంటె అది వేయిరెట్లు మేలైన ఖర్చు. కాని రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, పరిశ్రమల నీటిని ఇంటి మురుగులో కలపడం ఆపకుండా ఎన్ని కేంద్రాలు కడితే మాత్రం ఏం లాభం? రెండోది ఇంకా పెద్దది: శుద్ధిచేసిన నీరు ఎవరిది?

ఈ రెండో ప్రశ్న దగ్గర రైతుకూలీ సంఘాలు ఇప్పుడే మేలుకోవాలి. మురుగుగా ఉన్నన్నాళ్ళు ఈ నీటికి సొంతదారు లేడు. బాగుపడగానే సొంతదారులు పుట్టుకొస్తారు. శుద్ధిచేసిన నీటిని ఇళ్ళ నిర్మాణ సంస్థలకు, పరిశ్రమలకు అమ్మాలన్న ఆలోచనలు ఇప్పటికే నడుస్తున్నాయి. నగరానికి ఇంకో 20 టిఎంసీల గోదావరి నీటికి, జంట జలాశయాలు నింపే పనితో కలిపి, 2025 సెప్టెంబరులో శంకుస్థాపన చేశారు. నగరంలో పడవలు తిరగడానికి నీరు నిలబెట్టి, శుద్ధిచేసినదాన్ని పైనే అమ్ముకుంటే, భీమలింగం కత్వకు దిగేదేంది? వందేళ్ళు విషం మింగినవాడికి చివరికి విషం కూడా దొరకని రోజు రావచ్చు. కత్వల కింది ఆయకట్టుకు ఇన్ని నీళ్ళు, ఇంత శుభ్రంగా వదలాలని చట్టబద్ధంగా రాతలో పెట్టకపోతే, నది శుభ్రపడటమే మనకు కొత్త కరువవుతుంది.

ఇక కత్వలు. ఈ పొట్టి ఆనకట్టల వెనక నీరు నిలిచి, మడ్డి కిందికి దిగి, ఎండకూ గాలికీ కొంత మేరకు తేరుకుంటుందని, కిందికి పోయినకొద్దీ నీటి గుణం మెరుగుపడుతుందని శాస్త్రజ్ఞులే కొలిచి చెప్పారు. అంటే చదువులేని మన పెద్దలు కట్టిన రాతికట్టలు, నగరం చెయ్యాల్సిన శుద్ధిని జీతం భత్యం లేకుండా చేస్తున్నాయి. వాటిలో పేరుకున్న పూడిక తీయడానికి, కూలిన గోడ కట్టడానికి దొరికే నిధులెన్ని? పునరుజ్జీవనానికి వేలు, లక్షల కోట్ల మాటలు వినిపిస్తున్నప్పుడు కత్వకు ఒక తట్ట సిమెంటు కోసం ఇంజనీరు ఆఫీసు చుట్టూ తిరగాల్సిరావడం సిగ్గుచేటు.

కూలీల విషయం మరీ అన్యాయం. 2018లో వచ్చిన రైతుబంధు పట్టాదారుకే పోయింది. నిజంగా మురుగులో దిగి సాగుచేసే కౌలుదారుకు పైసా రాలేదు. 2025 జనవరి నుంచి భూమిలేని కూలి కుటుంబానికి ఏటా 12 వేలని ప్రకటించారు. మంచిదే. అయితే ఉపాధిహామీలో ఇరవై రోజులు పని చేసి ఉండాలన్నారు. ఇక్కడే మెలిక. 2024 సెప్టెంబరులో నగరం చుట్టూ ఉన్న 51 గ్రామ పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపారు. ప్రతాపసింగారం, కాచివానిసింగారం, ఏదులాబాద్ అందులోనివే. మున్సిపాలిటీకి ఉపాధిహామీ లేదు. నాటువేసే ఆడమనిషి నిన్న పల్లెటూరి కూలి, ఇవాళ పట్టణవాసి. ఆమె దిగే బురద మారలేదు, కోసే గడ్డి మారలేదు, కాళ్ళ పుండ్లు మారలేదు. మారింది పన్ను రసీదుమీది ముద్ర ఒక్కటే. ఊరు పట్నమైతే భూమి ధర పెరుగుతుందని సంబరపడేది ప్లాట్లు కోసేవాడు. అదే రోజున కూలి మనిషి జాబుకార్డు చిత్తుకాగితమైంది.

ప్లాట్ల మాట వచ్చింది కనుక ఇది కూడా చెప్పాలి. నది దుర్వాసన భూముల బేరగాళ్ళకు ఇన్నాళ్ళూ అడ్డంకి. అది తొలగిపోతుందన్న ఆశ పుట్టిన నాటినుంచి ఒడ్డు పొలాలమీద చూపు పడింది. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్లుగా రికార్డుకెక్కిన తాతల మనుమలు, భూదానం కింద పట్టాలందిన కుటుంబాలు, అసైన్డ్ భూమిమీద గడ్డి కోసుకు బతికేవాళ్ళు తమ కాగితాలు ఇప్పుడే వెతికి పెట్టుకోవాలి. సర్వేగొలుసు వచ్చి పొలంలో పడ్డాక వెతికితే దొరకవు.

బస్తీలో ఇల్లు పోగొట్టుకున్న పేదకు, కింద పంట పోగొట్టుకున్న రైతుకు పోటీపెట్టే మాటలు కూడా వినిపిస్తున్నాయి. నది బాగుపడాలంటే ఆ గుడిసెలు లేవాల్సిందే, రైతులారా మీరు మా పక్కన నిలబడండి అని. గుడిసె నదిని చంపలేదు. నదిలోకి రసాయనం వదిలిన గొట్టం ఎవరిదో ఊరికి తెలుసు, అధికారికి తెలుసు. ఆ గొట్టానికి ఎర్రరంగు గుర్తు వెయ్యమనండి ముందు. చాదర్‌ఘాట్ బస్తీ మనిషి, సంగెం కూలి ఒకే నది ఒడ్డువాళ్ళు. చాలామంది బస్తీవాళ్ళు కరువుకు తాళలేక ఈ జిల్లాలనుంచే పోయినవాళ్ళు.

యాసంగి నారుమళ్ళు పోసే లోపల కత్వ కత్వకు ఆయకట్టు రైతులు, కౌలుదార్లు, కూలీలు, బెస్తలు, రజకులు ఒకచోట కూచోవాలి. ఎన్ని ఎకరాలు, ఎవరి సాగు, ఎంత కౌలు, ఎంత తాలు, ఎందరికి చర్మరోగం, మందులకు ఎంత ఖర్చు, ఇదంతా ఇంటింటికీ రాసి పెట్టాలి. సర్కారు లెక్కలో ఆడకూలీ పేరుండదు కనుక ముందు ఆమె పేరే రాయాలి. ఆ కాగితాలు కలెక్టరాఫీసుకు ఎట్లాగూ ఇస్తాం. ఒక నకలు మాత్రం సికింద్రాబాదు, మల్కాజిగిరి బస్తీ సంఘాలకు, రైల్వే కార్మికుల సంఘాలకు, నాచారం, చర్లపల్లి ఫ్యాక్టరీ కార్మికులకు చేర్చాలి. ఏ ఫ్యాక్టరీ రాత్రి ఎన్నిగంటలకు గొట్టం విప్పుతుందో వాళ్ళకు తెలిసినంతగా ఏ కాలుష్య నియంత్రణ అధికారికీ తెలియదు.